ఖౌస్వే అక్కయ్య

మా పక్క అపార్ట్‌మెంట్ అక్కయ్య పోయింది. పొద్దున్నే వాళ్ళమ్మాయి వచ్చి తలుపు మెల్లగా తట్టింది. గట్టిగా కొడితేనే నా గుండె జారుతుంది; అంత మెల్లగా తట్టేసరికి ఇంకా భయమేసింది. "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది ఆంటీ" అంది.

అమెరికాలో, ఈ పార్సిప్పనీలో మా వరసలో కారు నడపడం రానివాళ్ళం మేమిద్దరమే. అందుకే నా మధ్యాహ్నాలన్నీ ఆవిడ వంటింట్లో గడిచాయి.

ఆవిడ పుట్టింది రంగూన్‌లో. చిన్నప్పుడే అమ్మానాన్నలతో ఓడెక్కి విశాఖపట్నం వచ్చి, బర్మా కాందిశీకుల కాలనీలో పెరిగింది. అక్కడ వాళ్ళమ్మ తోపుడుబండి మీద ఖౌస్వే అమ్మేదట. కొబ్బరిపాలు, శనగపిండి కలిపి కాచిన చిక్కటి పులుసులో నూడుల్స్ వేసి, పైన వేయించిన ఉల్లి, వెల్లుల్లి, ఎండుమిర్చి కారం చల్లి నిమ్మకాయ పిండుతారు.

ఒకసారి నన్ను చేయమంది. చెయ్యి ఊరుకోక ఆవాలు, కరివేపాకుతో పోపు పెట్టేశాను.

"ఏటే చెల్లీ, ఖౌస్వేకి పోపెట్టీసావేటి? రంగూనోళ్ళు చూస్తే ఓడెక్కి ఎనక్కెల్లిపోతారు!"

పారబోస్తుందేమోనని నా ప్రాణం విలవిల్లాడింది. ఆవిడ రుచి చూసి, "ఉండనీ. ఓడ దిగాక మా యమ్మ ఉప్పులో ఊరిన చేపనీళ్ళు మానీసి ఉత్త ఉప్పేసింది. నేనిక్కడ స్పగెట్టీ ఏస్తన్నాను. తినే నోటిని బట్టి కూడు మారుద్ది" అంది.

సంస్మరణకు మా అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో అందరూ కలుస్తున్నారని తెలిసింది. వాళ్ళమ్మాయి నా చేతులు పట్టుకుంది. "అమ్మ ఖౌస్వే మీరే చేయాలి ఆంటీ. నన్ను స్టవ్ దగ్గరికి రానిచ్చేది కాదు. మా పాప అన్నం మానేసి కూర్చుంది, అమ్మమ్మ నూడుల్సే కావాలంటోంది."

శనగపిండి ఉండకడితే? కొబ్బరిపాలు విరిగితే? ఉల్లిపాయల పొగకు అలారం మోగితే? అన్నిటికంటే పెద్ద భయం, ఆ పిల్ల నోట పెట్టుకుని "ఇది కాదు" అంటే? ఆ ఇంట్లో ఆ రుచి ఆవిడతోనే పోయినట్టు.

కానీ పొయ్యి ముందు నిలబడ్డాక చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పిండిని చన్నీళ్ళలో కలిపాను, పాలు ఆఖర్న పోశాను. పోపు మాత్రం పెట్టలేదు. పోపు పెట్టినది నా వంట, ఇది ఆవిడది.

క్లబ్‌హౌస్‌లో పిల్ల మొదటి ముద్ద తిని, నావైపు చూసింది. తల వంచుకుని తింటూనే ఉంది. నూడుల్స్ అయిపోయాక గిన్నె రెండు చేతులతో ఎత్తి పులుసు తాగింది. గిన్నె దించేసరికి పై పెదవి మీద పచ్చటి మీసం. తుడుచుకోకుండానే వాళ్ళమ్మ ఒళ్ళోకి వెళ్ళి కూర్చుంది.