పంపు గది పక్క మొక్క

గులాబీ తోటలో ముప్ఫై నాలుగేళ్లుగా పనిచేస్తున్న ఆవిడను అందరూ ముళ్ళక్క అంటారు. ఎందుకో ఆ చేతులు చూస్తే చాలు, అడగక్కర్లేదు. తోటకు యాభై ఏళ్లు నిండుతున్నాయని, మొదటి మొక్క దగ్గర బోర్డు పెట్టాలని సూపర్‌వైజరు కాగితం పట్టుకుని వచ్చాడు.

"పంపు గది పక్కదే కదక్కా మొదటిది? మీ అత్తగారు నాటిందట?"

ముళ్ళక్క చేతిలో కత్తెర దించి అటు చూసింది.

తోట కాకముందు అక్కడ చెత్త పోసేవాళ్లు. కూలికొచ్చిన ఆడవాళ్లలో అత్తగారొకరు. మొదటి గుంట తవ్వి మొదటి మొక్క నిలబెట్టింది తనేనని చచ్చేదాకా చెప్పుకుంది. ఎర్రటి పువ్వట, గుప్పెడంత. ఇప్పుడు పూసేవేమో బొత్తాములంత తెల్లపూలు.

సంగతి ముళ్ళక్కకు తెలుసు. గులాబీ మొక్కంటే ఒకటి కాదు, రెండు. కింద అడవి గులాబీ, దాని మీద అంటుకట్టిన మంచి రకం. అంటు కింద కొమ్మ లేచిందా, వెంటనే కత్తిరించాలి. లేకపోతే పైదాన్ని తినేస్తుంది. రోజూ చేసే పనే. కానీ అత్తగారు చనిపోయిన ఏడాది నీళ్లు లేక ఆ మొక్క పైనంతా ఎండిపోయింది. అడుగున ఉన్న అడవి గులాబీ నుంచి ఒక్క పచ్చటి చిగురు లేచింది. దాని మీద కత్తెర పెట్టడానికి ముళ్ళక్కకు చేతులు రాలేదు.

"కాదంటే చెప్పక్కా, పీకించేస్తా. కొత్త బాట అటే వేస్తున్నారు."

"పీకడమేంటయ్యా! ఆవిడ నాటిందే."

"ఎర్ర పువ్వని రాసుంది మరి ఫైల్లో?"

"ఆ ఎర్రది చచ్చిపోయింది."

"అంటే ఇది ఇంకో మొక్కా?"

"కాదు. అడుగు అదే. పువ్వే మారింది."

"నాకు పిచ్చెక్కించకు తల్లీ. అయినా అత్తగారి మొక్క మీద ఇంత ప్రేమేంటి? ఇద్దరికీ క్షణం పడేది కాదటగా?"

"ఆవిడతో పడలేదు. మొక్కతో నాకేం గొడవ?"

"సరే, మొదటిదా, కాదా? ఒక్క ముక్క చెప్పు."

"నాకే తెలిసి చావట్లేదు బాబూ! ఆవిడ మట్టిలో పెట్టింది ఇదే. చూసుకుని మురిసింది ఇది కాదు. రెండూ రాయి."

"బోర్డు మీద అంత చోటు లేదు."

"అయితే నాటిన సంగతొక్కటే రాయి. పువ్వు ఊసెత్తకు."

అతను రాసుకుని, బాట కొంచెం పక్కకు జరపమనాలని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

ముళ్ళక్క హమ్మయ్య అనుకుని పక్క వరుసలో కూర్చుంది. ఎదురుగా ఉన్న మొక్కకే అంటు కింద నుంచి కొమ్మొకటి నిగనిగలాడుతూ లేచి ఉంది. కత్తెర తెరిచింది. మూసింది. పంపు గది వైపోసారి చూసి, మళ్లీ తెరిచింది.