గుట్ట ఎత్తు

నాయనమ్మ నోట "గీడనే" అన్న మాట వినపడటం లేదని ఇంట్లో మొదట గమనించింది నేనే. ఆత్మకూర్ దగ్గరి మా ఊళ్లో, ఇంటి ముందు నిలబడితే పొలాల అవతల గుట్ట కనిపిస్తుంది. ఆమె గొర్రెలు మేపేది అక్కడే. ఎక్కడికి పోతున్నావని ఎవరడిగినా, "గీడనే, గుట్టకు" అనేది, ఇక్కడికే అన్నట్టు. పోయిన ఎండాకాలం నుంచి అదే గుట్టను "గాడెక్కడో ఉంది" అంటోంది. గుట్ట ఎత్తు కూడా పెరిగిందట.

"నీకు కండ్లు ఆనుతలేవమ్మా. ఇగ మంద అమ్మేద్దాం" అన్నాడు నాయన. వానలు పడ్డాక వస్తానని బేరగాడు కబురు పంపాడు. నాయనమ్మ దొడ్లోకి పోయి గొర్రెల మధ్య కూర్చుంది. అవి లేకపోతే ఆమె పొద్దున్నే లేచి ఏం చేస్తుందో నాకు ఊహకు అందలేదు.

సూర్యాపేటలో కంటి దవాఖానకు నేనే తీసుకుపోయాను. చదువు రాదు కాబట్టి, గోడ మీది గీతలు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపమన్నారు. అడుగు వరుస దాకా తప్పు లేకుండా చూపింది.

"కండ్లు మంచిగనే ఉన్నయవ్వా" అన్నాడు డాక్టర్.

"మరి గుట్ట గంత దూరం ఎట్ల జరిగింది సారూ?"

ఆయన నవ్వాడు. కొత్తవాళ్ల ముందు మాట్లాడాలంటే నాకు సిగ్గు. అయినా చెప్పేశాను: "మోకాళ్లు నొస్తున్నయి సార్. ఎక్కలేకపోతుంది." చెబుతుంటేనే, నిరుడు జ్వరం తగ్గాక కాలేజీ మెట్లు నాకెంత నిటారుగా కనిపించాయో గుర్తొచ్చింది. డాక్టర్ నవ్వు ఆపి, "అట్లయితే చూపించాల్సింది కాళ్లు" అన్నాడు.

కాళ్ల డాక్టర్ మందులతో పాటు వ్యాయామం రాసిచ్చాడు. రోజూ కుర్చీలో కూర్చుని కాలు చాపి, లేపి, దించాలి.

"ముసల్దానికి గీ డ్రిల్లు ఏందే?" అని తిట్టేది నాయనమ్మ. ఆమె మానేయకుండా నేనూ పక్కన కూర్చుని చేసేదాన్ని.

వానలు పడ్డాయి. బేరగాడు వచ్చిన పొద్దున, నాయనమ్మ గడపలో నిలబడి చాలాసేపు గుట్టనే చూసింది.

"గుట్ట జర కుంగింది" అంది.

"గుట్ట ఎట్ల కుంగుతదవ్వా?" అన్నాడు బేరగాడు.

"నాకైతే కుంగింది. నువ్వు చాయ తాగి పో. గొర్లను అమ్మేది లేదు."

నాయన నా వైపు చూశాడు. ఆమె నడవగలదన్నట్టు నేను తల ఊపాను. "సరే, మీ నాయనమ్మ ఇష్టం" అన్నాడు నాయన.

ఆ రోజు మందతో నేనూ వెళ్లాను. నాయనమ్మ పైదాకా ఎక్కలేదు. మొదటి బండ మీద కూలబడి మోకాళ్లు రుద్దుకుంది. గొర్రెలు మాత్రం ఆగకుండా పైకి పోయాయి. తల ఎత్తి వాటినీ, మధ్యలో ఉన్న రేగుచెట్టునూ చూసింది.

"రేపు గా చెట్టు దాక పోదాం" అంది.