నాలిక కిందికి పోని మాత్ర

జయరాముడి కుడిచేతి చూపుడువేలికి నడిమి కణుపు దగ్గర ఒక మచ్చ ఉంది. పైన రెండు గాట్లు, కింద రెండు గాట్లు. పట్టు నేసేవాడికి అలాంటి మచ్చ పెద్ద తలనొప్పి. పోగు ముట్టుకున్నప్పుడల్లా ఆ గరుకులో చిక్కుకుని సతాయిస్తుంది. ధర్మవరం నేతగాళ్ళు చేతుల్ని చంటిబిడ్డల్లా సాకుతారు, పడుకోబోయే ముందు కొబ్బరినూనె పట్టిస్తారు. జయరాముడూ తక్కిన తొమ్మిది వేళ్ళకూ పట్టిస్తాడు. ఆ వేలి జోలికి మాత్రం పోడు. ఎవరైనా అడిగితే, మా ఆడమనిషి కొరికిందప్పా అంటాడు. విన్నవాళ్ళు పగలబడి నవ్వుతారు. అతనూ నవ్వుతాడు గానీ, మరుక్షణమే ఇంట్లోకి తొంగి చూస్తాడు, ఆమె రాట్నం దగ్గర కూర్చుని ఉందో లేదో అని.

ఆమె పేరు నాగలక్ష్మి. హిందూపురం పక్క ముద్దిరెడ్డిపల్లి ఆడపడుచు. అతని మేనమామ కూతురే. అక్కడ సగం మాటలు కన్నడంలోనే నడుస్తాయి కాబట్టి, ఆమెకు రెండు భాషలూ రెండు చేతుల్లాంటివి. ఇరవయ్యేళ్ళ కాపురం తర్వాత కూడా డబ్బుల్ని దుడ్లు అనే అంటుంది. కోపం వస్తే అచ్చంగా కన్నడంలో తిడుతుంది. జయరాముడికి ఒక్క ముక్క అర్థం కాదు. అర్థం కాకపోవడం వల్లే తమ కాపురం ఇంత చల్లగా సాగిందని అతని నమ్మకం.

ఆమె చేతిలో ఒక గొప్ప పని ఉంది. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోతే, కొత్త పడుగులోని పోగుల్ని పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా అతకాలి. వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని, రెండు కొసల్నీ కలిపి మెలిపెట్టాలి. వేలకు వేల పోగులు. ఒక్కటి తప్పినా చీర మొత్తానికీ చార పడుతుంది. దానికి కూలికి పిలిచే మగవాళ్ళు వేరే ఉంటారు. నాగలక్ష్మి మాత్రం పుట్టింట్లో నాయన పక్కన కూర్చుని నేర్చేసుకుంది. ఆమె అతుకుతుంటే వేళ్ళు కనబడవు. పెళ్ళైన కొత్తలో జయరాముడు నేత మానేసి ఆ వేళ్ళనే చూస్తూ కూర్చునేవాడని, అతని తల్లి వీధంతా చాటింది.

ఆ రోజుల్లోనే ఇద్దరూ పెనుకొండ కొండెక్కారు. అతను నడుమ నడుమ ఆగి మోకాళ్ళు పట్టుకుంటూ పైకి చేరేసరికి, ఆమె బండ మీద కాళ్ళు చాపుకుని శెనక్కాయలు ఒలుచుకుని తింటోంది. ఏం బావా, మగ్గం మోసుకొచ్చినావా ఏం అని అడిగిందట.

అలాంటి మనిషి, కొన్నేళ్ళు గడిచేసరికి, కొళాయి నుంచి బిందె నీళ్ళు తెచ్చి గుమ్మంలోనే కూలబడడం మొదలుపెట్టింది. పాదాలు ఉబ్బేవి, పెదాలు నీలంగా మారేవి. రక్తం తక్కువన్నారు, గ్యాసన్నారు, పట్టు నుసికి వచ్చే ఆయాసమన్నారు. దిష్టి తీశారు, మందు పీల్చే గొట్టాలిచ్చారు. ఒకరోజు కొళాయి దగ్గరే స్పృహ తప్పాక, బెంగుళూరు గుండె ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి డాక్టరమ్మ గుండెకు స్కానింగు తీయించి అసలు సంగతి పట్టుకుంది. గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం తీసుకుపోయే నాళాలు బిగుసుకుపోయాయి. వాటిలోకి రక్తాన్ని తోసీ తోసీ గుండెలో కుడి పక్క అలిసిపోయి ఉబ్బింది. పడుగు మరీ బిగదీస్తే మగ్గం ఎంత కష్టంగా ఆడుతుందో అట్లనంట బావా అని నాగలక్ష్మి రైల్లో విడమరిచి చెప్పింది.

ఆ విడమరచడం ఆమెకే కుదిరింది. ఎందుకంటే డాక్టరమ్మ చెప్పిందంతా కన్నడంలో చెప్పింది. నాగలక్ష్మి ప్రశ్న మీద ప్రశ్న వేసి చెప్పించుకుంది. జయరాముడు పక్కన నిలబడి, అన్నీ అర్థమైనవాడిలా తల ఊపాడు. తిరుగు రైల్లో ఆమె జాగ్రత్తలన్నీ ఒప్పజెప్పబోతే, నువ్వు ఇన్యావు కదా, చాల్లే అని కిటికీకి తల ఆనించాడు. హిందూపురం దాటకముందే గురక పెట్టాడు. మగవాళ్ళ తల ఊపుడుకు ఉన్న విలువ అంతే.

ఇక మందుల షాపు సంగతి. డాక్టరమ్మ రాసిచ్చింది రోజుకు మూడు పూటలు వేసుకోవాల్సిన మాత్ర. జీవితాంతం వేసుకోవాలి, సొంతంగా ఆపకూడదు. చీటీ తీసుకుని జయరాముడే షాపుకు పోయాడు. షాపతను చీటీ చూసి, జయరాముణ్ణి చూసి, పళ్ళికిలించాడు. ఏమప్పా, ఈ వయసులో నీకు ఇది కావల్సొచ్చిందా అన్నాడు. ఊపిరితిత్తుల నాళాల్ని వదులు చేసే ఆ మందునే, వేరే మోతాదులో మగవాళ్ళ ఇంకో అవసరానికీ వాడతారని జయరాముడికి ఆ రోజే తెలిసింది. చెవులు ఎర్రబడ్డాయి. ఇంటికొచ్చి మాత్రలు భార్య ఒళ్ళో పడేసి, ఇకమీదట నువ్వే తెచ్చుకో, ఈదిలో ఎవరికీ ఈ మాత్ర సంగతి చెప్పాకు అన్నాడు. పెళ్ళాం ఊపిరిని నిలబెట్టే మాత్రను చూసి సిగ్గుపడే మగవాణ్ణి ఏమనాలో నాకు తెలీదు. నాగలక్ష్మి తనే తెచ్చుకుంది, ఎవరికీ చెప్పలేదు. డాక్టరమ్మ చెప్పిన జాగ్రత్తలన్నీ ఆమె ఒక్కదాని కడుపులోనే ఉండిపోయాయి.

మాత్ర మాత్రం తన పని తాను చేసింది. వారాలు గడిచేకొద్దీ పాదాల వాపు తగ్గింది. ఆమె నడుమ ఆగకుండా ఒక మాట పూర్తిగా చెప్పగలిగింది. ఒకరోజు అటక మీది పట్టు కండెల బుట్ట తనే దించుకుంటుంటే, జయరాముడు కింద నిలబడి నోరు తెరుచుకుని చూశాడు. ఆ తర్వాత ఆమె లేనప్పుడు ఒక మాత్రను అరచేతిలో వేసుకుని ఎంతోసేపు చూశాడు. తన చిటికెన గోరంత కూడా లేదు. ఇంత మనిషిని ఇది లేపి నిలబెట్టిందా అని అతనికి ఒళ్ళు జలదరించింది.

ఎదురింటి కదిరమ్మ దగ్గర ఇంకో రకం మాత్రలు ఉండేవి. ఆమె గుండెకు ఎప్పుడో స్టెంటు వేశారు. నొప్పి వస్తే నాలిక కింద పెట్టుకొమ్మని చిన్న మాత్రలిచ్చారు. ఆమె వాటిని ఆకు వక్క సంచిలో, చిన్న స్టీలు డబ్బీలో పెట్టుకుని తిరిగేది. ఒకసారి వీధి చివరి నేతగాడొకడు గుండె నొప్పితో మగ్గం మీదే ఒరిగిపోతే, ఆమె ఒక మాత్ర అతని నాలిక కింద పెట్టింది, అతను బతికి ఆసుపత్రి చేరాడు. అప్పటి నుంచి ఆ వీధికి కదిరమ్మ డబ్బీ అంటే దేవుడి విభూతి. ఎవరికి ఎద పట్టేసినా ఆమె దగ్గరికే పరుగు. అది అందరి ఒంటికీ పడుతుందా అని అడిగిన మనిషి లేడు.

మొన్నటి పెళ్ళిళ్ళ కాలంలో ఒక ముహూర్తం చీర తొందరగా కావాలని వచ్చింది. కొత్త పడుగు ఎక్కింది. నాగలక్ష్మి పొద్దున్నే అతకడానికి కూర్చుంది. అతకడానికి కూర్చున్నవాళ్ళు సగంలో లేవరు. లేస్తే పోగుల వరస కలిసిపోతుందని నేతగాళ్ళ భయం. జయరాముడు అన్నానికి పిలిచాడు, ఇంకొంచెముండాది అంది. మధ్యాహ్నం మాత్ర అలాగే దాటిపోయింది. పొద్దు వాలేసరికి ఆఖరి పోగు మెలిపెట్టి, అప్పుడు మాత్ర గుర్తు తెచ్చుకుంది.

ఇక్కడే ఆమె నేతబుద్ధి ఆమెను ముంచింది. నేతలో ఒక పోగు తప్పితే వెనక్కి పోయి పూరిస్తారు, అలా వదిలేస్తే బట్టలో సందు కనబడుతుంది. మాత్ర కూడా అంతే అనుకుంది ఆమె. డాక్టరమ్మను అన్నీ అడిగింది గానీ, ఒక పూట తప్పితే ఏం చేయాలన్నది అడగడం మరిచింది. మధ్యాహ్నానిదీ సాయంత్రానిదీ కలిపి మింగేసింది. కడుపులో అన్నం లేదు. కాసేపు కూర్చుని తెగిన పోగులు ఏరుకుని గబుక్కున పైకి లేచింది. కళ్ళు చీకట్లు కమ్మి, నేతగాడు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంతలోకి పడిపోయింది.

జయరాముడు ఆమెను పైకి లాగి నేల మీద పడుకోబెట్టాడు. ఒళ్ళంతా చెమట, మొహంలో రక్తం చుక్క లేదు. ఆమె చెయ్యి ఎద మీద ఉంది. వీధి వీధంతా వాకిట్లోకి వచ్చేసింది. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు. కదిరమ్మ జనాన్ని తోసుకుని వచ్చి, ఆకు వక్క సంచి విప్పి, డబ్బీ తెరిచి, మాత్ర ఒకటి జయరాముడి వేళ్ళ మధ్య పెట్టింది.

"నాలిక కింద పెట్టబ్బా, బిన్నా పెట్టు," అని తొందరపెట్టింది.

అతను పెట్టబోయాడు. నాగలక్ష్మి పళ్ళు బిగించింది. నోరు తెరువే లక్ష్మీ అని బతిమాలాడు. తల అటూ ఇటూ కొద్దిగా ఆడించింది, అది వణుకనుకున్నారు. పళ్ళు కరుచుకుపోయినాయి, స్పూను తెండి అని వెనక నుంచి ఎవరో అన్నారు. జయరాముడు ఒక చేత్తో ఆమె దవడ నొక్కి, ఇంకో చేతి చూపుడువేలు పళ్ళ మధ్య దూర్చాడు. లేవలేని మనిషి, కళ్ళు పూర్తిగా తెరవలేని మనిషి, ఎక్కడ దాచుకుందో అంత బలం, ఎముక తగిలేలా కొరికింది. అతను కేక పెట్టి చెయ్యి లాక్కున్నాడు. మాత్ర జారి మగ్గం గుంతలో ఎక్కడో పడిపోయింది. కదిరమ్మ ఇంకోటి తీసేలోగా అంబులెన్సు వచ్చింది.

అంబులెన్సు మనిషి ఆమె కాళ్ళు ఎత్తి పెట్టించాడు, బీపీ చూశాడు. అమ్మా, నువ్వు రోజూ ఏం మాత్రలు వేసుకుంటావు అని ఆమె చెవి దగ్గర అడిగాడు. అప్పుడు నాగలక్ష్మి నోరు తెరిచింది. మాత్ర పేరు చెప్పింది. రెండు మింగినానని చెప్పింది. గుటక మింగి మళ్ళీ అంది:

"నాలిక కింద మాత్ర వేయాకండి. డాక్టరమ్మ వద్దనింది."

ఆ మనిషి తలెత్తి చుట్టూ చూశాడు. ఇచ్చినారా అని అడిగాడు. జయరాముడు నెత్తురు కారుతున్న వేలు చూపించి, ఇయ్యలేకపోయినా సార్ అన్నాడు. బతికించినారు అన్నాడతను. ఈ రెండు మందులూ ఒంట్లో కలిస్తే బీపీ పడిపోతుందని, ఇప్పటికే ఇంత తక్కువున్న మనిషికి ఇక లేవడం కష్టమయ్యేదని చెప్పాడు. కదిరమ్మ సంచి ఎదకు హత్తుకుని గోడకు చేరబడింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడు, జయరాముడు పట్టపగలు అదే మందుల షాపుకు పోయాడు. పదిమంది ఉండగా చీటీ బల్ల మీద పెట్టాడు. మా ఆడమనిషి గుండెకూ ఊపిరికీ మాత్రప్పా, నెలకు సరిపడా ఇయ్యి అన్నాడు. షాపతను ఈసారి నవ్వలేదు. వీధిలోనూ ఇంటింటికీ పోయి అదే చెప్పాడు, ఆ మాత్ర పేరు పిల్లలకు కూడా నోటికొచ్చింది. కదిరమ్మ ఇప్పుడు డబ్బీ ఊరికే తెరవదు. నొప్పి అని ఎవరు వచ్చినా, ముందు ఆసుపత్రికి ఫోన్ చేయండి, ఇది డాక్టరు నాకోసం రాసిచ్చింది అని సంచి బిగించేస్తుంది.

ఆ నెలలోనే ఇద్దరూ మళ్ళీ బెంగుళూరు పోయారు. ఈసారి జయరాముడు తల ఊపలేదు. ప్రతి మాటకూ భార్య మోచెయ్యి గిల్లి, ఏమనింది, ఏమనింది అని తెలుగులో చెప్పించుకున్నాడు. మరిచిపోయిన మాత్ర గుర్తొస్తే వేసుకోవచ్చు గానీ, తర్వాతి పూట దగ్గరపడితే దాన్ని వదిలెయ్యాలి, రెండూ కలిపి ఎప్పుడూ వద్దు. నిదానంగా లేవాలి. ఏ డాక్టరు దగ్గరికి పోయినా, కొత్త మందు ఏది వేసుకోవాలన్నా, ముందు ఈ మాత్ర పేరు చెప్పాలి. తప్పిన పోగును వదిలెయ్యమంటే నేతగాళ్ళకు మనసొప్పుతుందా అని నాగలక్ష్మి కన్నడంలో అంటే డాక్టరమ్మ నవ్వింది. జయరాముడు నవ్వలేదు, ఆ మాట కూడా తెలుగులో చెప్పమన్నాడు.

తిరుగు రైలు హిందూపురం దాటింది. అతనికి నిద్ర రాలేదు. పెనుకొండ కొండ కిటికీలోకి వచ్చింది. ఇక ఆ కొండ ఎక్కడం ఆమెకు కుదరదని డాక్టరమ్మ ముందే చెప్పేసింది. ఆమె దాన్నే చూస్తూ శెనక్కాయలు ఒలుస్తోంది. చాలా రోజులుగా అడగాలనుకున్నది అప్పుడు అడిగాడు.

"ఆ పొద్దు వద్దని ఒక్క మాట చెప్పింటే నేను ఆగింటి కదా లక్ష్మీ? ఏల చెప్పకపోతివి?"

నాగలక్ష్మి పొట్టు కిటికీలోంచి ఊది, ఇదేం ప్రశ్న అన్నట్టు అతని వైపు తిరిగింది.

"చెప్పల్లంటే నోరు తెరవల్ల కదా బావా," అంది. "తెరిస్తే నువ్వు మాత్ర వేసేస్తావు."

జయరాముడు తన వేలి వంక చూసుకున్నాడు. కళ్ళు కమ్మిన ఆ చీకట్లో, ఆ ఆయాసంలో, ఊపిరి కోసం నోరు తెరవాల్సిన మనిషి అంత లెక్క వేసుకుని నోరు మూసుకుందా అనుకున్నాడు. తను దవడ నొక్కి విప్పబోయింది ఆ లెక్కనే. ఆమె ఒలిచిన గింజల్ని అతని చేతిలో పోసింది. అతను వాటిని పట్టుకుని ధర్మవరం వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.