పెరుగు డబ్బాలో మట్టి గూడు

పురుగుల ఫొటోలు తీసేవాడికి కెమెరా కంటే వెలుతురు ముఖ్యం. లెన్సు కందిరీగ మొహానికి జానెడు దూరంలో ఉన్నప్పుడు ఫ్లాష్ సూటిగా పడితే దాని ఒంటి మీద తెల్లటి మచ్చ తప్ప ఇంకేమీ కనబడదు. అందుకని కిలో పెరుగు డబ్బా ఒకదాని అడుగు కోసి, లోపల టిష్యూ కాగితం రెండు పొరలు అంటించి, ఫ్లాష్‌కు తొడిగే తొడుగు చేసుకున్నాను. పని అయ్యాక దాన్ని వరండాలో తలుపు పక్కన మేకుకు తగిలించేవాణ్ణి. కిందటి వానాకాలం మొదట్లో ఒక మట్టి కందిరీగ ఆ డబ్బా లోపలే గూడు కట్టడం మొదలుపెట్టింది.

మా ఇల్లు శామీర్‌పేట చెరువు దాటాక, మేడ్చల్ వైపు పోయే రోడ్డు మీద. నాన్న పోయాక ఇంట్లో ముగ్గురమే: అమ్మ, నా భార్య, నేను. నేను మేడ్చల్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేస్తాను. తయారైన భాగాలు కొలతకు సరిపోయాయో లేదో చూడడం నా పని. సరిపోకపోతే ఎందుకు సరిపోలేదో రాయాలి. కారణం రాయకుండా వదిలేస్తే కాగితం మళ్ళీ నా బల్ల మీదికే వస్తుంది. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసిందని నా భార్య అనేది.

గూడు అప్పటికి వేలి గోరంతే ఉంది. గీకేద్దామని చెయ్యి పెట్టబోతుంటే గిన్నెలు తోముతున్న అమ్మ కేక వేసింది.

"ఆగు ఆగు! ఏం జేస్తున్నవ్‌రా?"

"నా డబ్బానమ్మా. ఈగ గూడు వెడ్తాంది. ఇప్పుడే తీసేస్తే ఇంకోకాడ కట్టుకుంటది."

"చెయ్యి తియ్యి ముందుగాల. మట్టీగ ఇంట్ల గూడు కడ్తే పిల్లలయితరు. నువ్వు కడుపుల వడ్డప్పుడు గా పాత ఇంట్ల దూలానికి కట్టింది."

"మొన్న బోరు స్టార్టర్ డబ్బాల గూడ కట్టింది. మోటరుకు పిల్లలయినయా?"

"అయినయ్. మెకానిక్కు పిల్లలు బతుకుతలేరా దాని మీద?" అంది అమ్మ. "పెద్ద సైంటిస్టు బయలెల్లిండు. ఇంకో డబ్బా పెరుగు తెచ్చుకో, తిందువు."

తలుపు దగ్గర నిలబడ్డ నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూ నావైపు చూసి ఆగిపోయింది. మాకు పెళ్ళయి నాలుగేళ్ళు. పరీక్ష చేసుకుని రెండు గీతలు చూసింది ఆ ముందు రోజే. అమ్మకింకా చెప్పలేదు. ఆ సాయంత్రం చెప్పాం. అమ్మ వరండాలోకి వెళ్ళి డబ్బా వైపు చూసి, "నేన్జెప్పలే?" అంది, ఆ ఈగతోనే అన్నట్టు.

మర్నాటి నుంచి ఆ మేకు దగ్గరికి ఎవరూ పోకూడదు. తడిబట్టలు ఆరేసే తీగ పెరట్లోకి మారింది. నేను పెరుగు తెచ్చుకుని, తిని, ఇంకో తొడుగు చేసుకున్నాను. దానితోనే ఆ గూడును ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. పొద్దున డ్యూటీకి పోయేముందు ఒకటి, వచ్చాక ఒకటి.

నా భార్యకు మొదట భయం. దానికి కారణం నేనే. అంతకుముందు ఎండాకాలంలో రేకుల కింద గూడు పెట్టిన ఎర్ర కందిరీగల్ని ఫొటో తీయబోయి నా కనురెప్ప మీద కుట్టించుకున్నాను. కన్ను మూసుకుపోయి ఫ్యాక్టరీకి వెళితే మా సూపర్‌వైజరు, "ఇంట్ల దెబ్బలు మంచిగనే వడ్డట్టున్నయ్," అన్నాడు. అందుకని ఆమెకు విడమరిచి చెప్పాను. ఆ ఎర్రవి గుంపుగా ఉంటాయి, గూటికి కాపలా కాస్తాయి, వాటి మీద ఊపిరి తగలకూడదు, చెయ్యి విసరకూడదు. ఇది అలా కాదు. ఒంటరిది. చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టదు. అయినా లెన్సు పట్టుకుని పోయేటప్పుడు నీడ దాని మీద పడకుండా పక్కనుంచి పోవాలి, ఆగి ఆగి పోవాలి.

మెల్లగా ఆమె కూడా నా వెనక నిలబడి చూడడం నేర్చుకుంది. గిన్నెలు తోమే చోట తడిమట్టిని ఈగ ఉండ చేసుకుని రావడం, దాన్ని పరిచేటప్పుడు సన్నగా రొద పెట్టడం. ఒక గది పూర్తయ్యాక నోట కరుచుకుని ఏదో తెచ్చింది.

"గదేంది బావా?"

"సాలెపురుగు. చంపదు. కుట్టి కదలకుండ చేస్తది. పిల్ల పుట్టినాంక తినాలె గదా, పాడు కావద్దు."

"గదిల పెట్టి మూస్తదా? తల్లి మళ్ళొచ్చి చూడదా?"

"చూడదు. అంతా ముందే సర్ది పోతది."

"మస్తుగున్నది దీని శ్రీమంతం," అని మూతి తిప్పింది. ఆ తర్వాత రోజూ నేను డ్యూటీ నుంచి రాగానే ఎన్ని సాలెపురుగులు వచ్చాయో చెప్పేది.

మూడో నెల నిండకముందే కొంపల్లిలో స్కానింగుకు వెళ్ళాం. తెర మీద బూడిదరంగు బొమ్మ. సూక్ష్మంగా ఉండేవాటిని పెద్దవి చేసి చూడడం నాకు అలవాటే గాని, అక్కడ ఏది ఏదో నాకు తెలియలేదు. డాక్టరమ్మ కడుపు మీద జరుపుతున్న పరికరాన్ని ఒకచోట ఆపి, మళ్ళీ జరిపి, మళ్ళీ అక్కడికే తెచ్చింది. తర్వాత తెరను తన వైపు తిప్పుకుంది. గుండె కొట్టుకోవడం లేదని చెప్పింది. ఇలాంటివి చాలామందికి జరుగుతాయని, ఎవరి తప్పూ ఉండదని, కారణం వెతకవద్దని చెప్పింది. ఎందుకిలా అయిందని నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అదే మాట చెప్పింది.

ఆస్పత్రిలో జరగాల్సింది జరిగాక నా భార్యను ఇంటికి తీసుకొచ్చాను. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. ఇంటికి రాగానే వరండాలో డబ్బా కింద నిలబడి, తలెత్తి చూసి, లోపలికి వెళ్ళింది. చుట్టాలు వచ్చి ఏడ్చినా ఆమె ఏడవలేదు. పెట్టింది తినేది, పిలిస్తే పలికేది. మిగతా పొద్దంతా గడపలో కూర్చుని ఆ గూడు వైపే చూసేది.

అమ్మ నన్ను బోరు దగ్గరికి పిలిచింది.

"గా డబ్బా తీస్కపోయి చెరువు కట్ట మీద పారెయ్ బిడ్డా. పిల్ల దాన్నే సూస్తాంది. నా నోటితోని నేనే అంటి గదా, నాకే దాని దిక్కు జూడబుద్ధయితలేదు."

నాకూ అదే మంచిదనిపించింది. స్టూలు వేసుకుని డబ్బాను మేకు మీంచి తీయబోతుంటే గడపలోంచి మాట వినిపించింది.

"తియ్యకు బావా."

ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె తనంతట తాను అన్న మొదటి మాట అది. స్టూలు దిగిపోయాను.

అమ్మ కూరగాయలకు వెళ్ళిన వేళ చూసి నా భార్య చెప్పింది.

"అత్తమ్మకు చెప్పొద్దు. స్కానింగుకు పోకముందు వరండాల బూజు దులుపుతుంటే కర్ర తగిలింది. ఎడమ దిక్కు నుంచి రెండో గది పెచ్చు ఊడింది. మట్టి ఊడ్చి పారేసిన. ఎవ్వరికి చెప్పలే. నాలుగొద్దులకు డాక్టరమ్మ గట్ల చెప్పింది."

"దానికీ దీనికీ సంబంధమేంది?"

"లేదని నాకెర్క లేదా? నేను సదువుకోలేదా?" అంది. గొంతు పెంచలేదు. "ఎర్కే. గాని కండ్లు మూస్తె గదే కనవడ్తాంది. లోపల తెల్లగ, మెత్తగ ఉండె. కదిలింది బావా."

డాక్టరమ్మ మాటలే మళ్ళీ చెప్పాను. తల ఊపింది. ఆ తల ఊపడంలో నమ్మకం ఏమీ లేదని తెలుస్తూనే ఉంది. నాకు చేతనైనది ఇంకొకటే. లాప్‌టాప్ తెరిచి ఆ వారం ఫొటోలు వరసగా చూశాను. ఒకదాంట్లో నాలుగు గదులు, అన్నీ నున్నగా ఉన్నాయి. తర్వాతి దాంట్లో రెండో గది అంచు విరిగి, నల్లటి సందు కనబడుతోంది. ఆ రోజు అది నా కంటికి ఆనలేదు, ఈగ కొత్తగా కడుతున్న ఐదో గది మీద ఫోకస్ పెట్టాను. ఆ తర్వాతి ఫొటోలో సందు లేదు. దాని మీద తడి ఆరని ముదురు మట్టి మెత్తి ఉంది.

ఆమెను పిలిచి చూపించాను. "నువ్వు పోయినాంక తల్లీగ వచ్చింది. మళ్ళ మూసింది."

ఆమె తెర దగ్గరికి వంగి చాలాసేపు చూసింది. "మూస్తె? లోపలిది బతికి ఉంటదా?"

ఉంటుంది అని చెప్పొచ్చు. కాని నాకు తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పే మనిషిని కానని ఆమెకు తెలుసు. చెప్పినా నమ్మదు. "బయటికొస్తెనే తెలుస్తది," అన్నాను.

"రాకపోతే?"

అప్పటి నుంచి ఆమెతోపాటు నేనూ కాచుకున్నాను.

అమ్మకు అసలు సంగతి చెప్పడానికి లేదు. డబ్బా ఇంకా ఎందుకు తీయలేదని అడిగితే, ఫొటోలు పూర్తి కాలేదన్నాను.

"నీ ఫొటోల మీద మన్ను వొయ్య! ఇంట్ల గింత దుఃఖముంటే నీకు పురుగులు గావాల్నా? మనిషివేనా నువ్వు?"

నేను లెన్సు తుడుచుకున్నాను. లోపలి నుంచి నా భార్య వింటూనే ఉంది. ఆ రోజు అన్నం పెడుతూ నా పళ్ళెంలో ఇంకో గరిటె పప్పు వేసింది. అమ్మ మాత్రం కొన్నాళ్ళు నాతో సరిగా మాట్లాడలేదు. పొద్దున నేను కెమెరా తీస్తే చాలు, వంటింట్లో గిన్నెలు గట్టిగా చప్పుడయ్యేవి.

తల్లీగ గూడంతా మట్టితో అలికేసి ఎప్పుడో వెళ్ళిపోయింది. చూడడానికి అదొక మట్టిపెళ్ళ, అంతే. ఏ గది ఎక్కడుందో పాత ఫొటోలు చూస్తేనే తెలుస్తుంది. మొదటి గది తెరుచుకుంది. డ్రిల్లు వేసినట్టు గుండ్రటి కంత. ఆ తర్వాత తెరుచుకోవాల్సింది రెండోది. తెరుచుకోలేదు. మూడోది తెరుచుకుంది. నాలుగోది, ఐదోది ఒకేరోజు ఖాళీ అయ్యాయి. రెండోది అలాగే ఉంది.

మామూలుగా అయితే అలా మిగిలిపోయిన గదిని నేను సూదితో తెరిచి, ఏం జరిగిందో చూసి ఫొటో తీసుకునేవాణ్ణి. బూజు పట్టిందా, చీమలు దూరాయా, పిల్ల ఎదగకుండానే ఎండిపోయిందా, చూస్తే తెలిసిపోతుంది. ఈసారి సూది జోలికి పోలేదు. నాలో నేను మాత్రం ఆశ వదులుకున్నాను. రాకపోతే ఆమెకు ఏం చెప్పాలా అని మేడ్చల్ పోయే దారంతా బండి మీద మాటలు పేర్చుకునేవాణ్ణి. ఏ మాటా నిలిచేది కాదు.

ఒక ఆదివారం పొద్దున ఆమె గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట కింద పెట్టేసింది.

"బావా. గీకుతాంది."

నాకేం వినబడలేదు. దగ్గరికి పోతే వినబడింది, గోటితో అట్టను గీరినట్టు. కెమెరా తెచ్చాను. రెండో గది ఉన్నచోట మట్టి తడిసి, గుండ్రంగా నల్లబడింది. లోపల ఉన్నది ఉమ్మితో మట్టిని నానబెట్టుకుని కొరుకుతోంది. చిన్న బెజ్జం పడింది. అందులోంచి ఒక మీసం బయటికొచ్చి అటూ ఇటూ తడిమింది. బెజ్జం పెద్దదయ్యే కొద్దీ దవడలు, కళ్ళు కనిపించాయి. ఆమె నా భుజం పట్టుకుంది. వేళ్ళు దిగబడుతున్నాయి.

అది పూర్తిగా బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చి డబ్బా అంచు మీద కూర్చుంది. పసుపు కాళ్ళు, దారం లాంటి నడుము, రెక్కలు ఏ సొట్టా లేకుండా ఉన్నాయి. ముందుకాళ్ళతో మీసాలు తుడుచుకుంది. అప్పుడొక ఫొటో తీశాను. తర్వాత అది గ్రిల్లు సందులోంచి ఎగిరి, నీళ్ళ ట్యాంకు మీదుగా పోయింది. మిగతావాటి కంటే అంత ఆలస్యం ఎందుకైందో నాకు ఇప్పటికీ తెలియదు.

"చూసినవా?" అన్నాను. ఆ మాట కోసం ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉన్నాను. "నువ్వేం జెయ్యలే."

ఆమె కంత వైపే చూస్తోంది. "ఔ," అంది. "నేనేం జెయ్యలే."

లెన్సుకు మూత పెట్టి కెమెరా మెడలో వేసుకున్నాను.

"మంచిగనే వచ్చింది బావా అది," అంది మళ్ళీ. "దెబ్బ తగిలింది గూడ వచ్చింది. మరి నాదేమైంది? నాదెందుకు రాలే?"

అప్పుడు ఏడ్చింది. కూర్చున్నచోటే ముందుకు వంగిపోయి, బియ్యం చేట మోకాలికి తగిలి ఒలికిపోతున్నా తెలియకుండా ఏడ్చింది. తన తప్పు కాదని తేలితే చాలని నేను అనుకున్నాను. అన్నాళ్ళూ పట్టుకోవడానికి ఆమెకు ఆ తప్పొక్కటే ఉందని, దాన్ని కూడా నేను తీసేసుకున్నానని నాకు తట్టలేదు.

అమ్మ పిండి చేతులతో వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. డబ్బా వైపు, నా మెడలో ఉన్న కెమెరా వైపు చూసింది.

"ఏం జేసినవ్‌రా పిల్లను?"

"ఆయన ఏం జెయ్యలే అత్తమ్మా," అంది నా భార్య, ఏడుపు మధ్యలో. "నేను జెయ్యలే. ఎవ్వరేం జెయ్యలే."

అమ్మకు ఏం అర్థమైందో తెలియదు. కింద కూర్చుని ఆమె తలను ఒళ్ళోకి తీసుకుంది. వెంట్రుకలకు పిండి అంటుకుంది. "ఏడువు బిడ్డా," అంది, "ఏడువు," అంటూ తనూ ఏడ్చింది. నేను వాళ్ళ పక్కన కూర్చుని ఒలికిన బియ్యం గింజలు చేటలోకి ఎత్తుతూ ఉండిపోయాను.