పువ్వుల గలీబు

పరుపులు కుట్టే ముసలాయన్ని మా వీధిలో అందరూ దూది తాత అంటారు. కనుబొమల మీద ఎప్పుడూ నూగు ఉంటుంది. "తాతా, నెరిసిందా, దూది అంటిందా?" అని పిల్లలు అడిగితే, "దులిపి చూడండర్రా, రాలకపోతే నెరిసినట్టు" అంటాడు. గుమ్మంలో ఎవరైనా దాహంతో నిలబడితే సూది పక్కన పెట్టి ముందు నీళ్లిచ్చే మనిషి.

ఆయన పని మాత్రం కంపు పని. జనం వదిలించుకున్న పాత పరుపులు ఆయన కూలికి కుట్టే దుకాణానికి వస్తాయి. కుట్టు విప్పితే చాలు, లోపలి రోత బయటపడుతుంది. అట్టకట్టిన ఉచ్చ మరకలు, చెమ్మకు పట్టిన నల్లబూజు, బొద్దింక రెక్కలు, ఎవరిదో ఎండిన కళ్లె. ఆ దూదిని మిషనులో వేసి ఏకితే తెల్లగా పొంగుతుంది. కొత్త గుడ్డలో కూరితే కొత్త పరుపే. మరీ పొడిపొడి అయిన దూది పెద్దవాళ్ల బరువుకు అణగిపోతుంది కనుక, అది పువ్వుల గలీబులు, అంటే పైతొడుగులు, వేసిన చంటిపిల్లల పరుపుల్లోకి పోయేది.

"పసివాళ్లకి బరువెక్కడిది? మెత్తగా ఉంటే చాలు" అనేవాడు యజమాని.

తాతకు ఆ మాట నచ్చేది కాదు. అయినా తల వంచుకుని కుట్టేవాడు.

పక్క వీధిలో ఉండే కూతురికి నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. అల్లుడు గుమ్మంలో నిలబడి సిగరెట్టు కాలుస్తాడు. పొగ బయటికే వదులుతున్నానని అతని నమ్మకం. అది మాత్రం చక్కగా ఇంట్లోకే వచ్చేది. ఏడాది తిరిగేసరికి, జలుబు చేసినప్పుడల్లా బుజ్జిదాని గుండెలో పిల్లికూతలు. ఒక సాయంత్రం డొక్కలు ఎగరేస్తుంటే తాతా కూతురూ ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. వరసలో ముందున్న గర్భిణి చూసి, "మీరు వెళ్లండమ్మా" అని పక్కకు జరిగింది. దేవుడు ఆమెను చల్లగా చూడాలి.

మందు పట్టి, ఊపిరి కుదుటపడ్డాక డాక్టరమ్మ చెప్పింది: "ఇదే కారణమని ఒక్కటి పట్టుకుని చెప్పలేనమ్మా. నెలలు తక్కువ పిల్ల, ఊపిరి గొట్టాలు సన్నం. ఇంట్లో పొగ ఉండకూడదు. చెమ్మ, బూజు, దుమ్ము కూడా మంచివి కావు. దేనిమీద పడుకుంటుంది?"

"మెత్తటి పరుపేనండి" అంది కూతురు మురిపెంగా. "మా నాన్న కుట్టిందే. ఆయనకి చెప్పకుండా దుకాణంలో అడిగి తెచ్చుకున్నా. పువ్వుల గలీబు."



తాత కూతురింటికొచ్చి పరుపు మీది దుప్పటి ఎత్తాడు. మూలల్లో తన చేతి ముడులే. విప్పగానే పాచి కంపు, ముక్కులో దూరే సన్నటి బూడిదరంగు దుమ్ము. కాలువ పక్కకు వెళ్లి కక్కుకున్నాడు.

"పైన పటారం, లోన లొటారం. పెరట్లో తగలబెట్టేద్దాం మామయ్యా" అని అల్లుడు అగ్గిపెట్టె తీశాడు.

"పిల్లకి తాగించిన పొగ చాల్లేదా బాబూ?" అన్నాడు తాత.

అల్లుడు అగ్గిపెట్టె లోపల పెట్టేశాడు. ఇద్దరూ కలిసి పరుపును ఊరి బయట గోతిలో పూడ్చారు. అల్లుడు సిగరెట్టు మానలేదు. వీధి చివరకు పోయి కాలుస్తాడు, చొక్కా మార్చుకుని గానీ పిల్లను ముట్టడు.

మర్నాడు యజమాని మళ్లీ పువ్వుల గుడ్డ, పొడి దూది తాత ముందు పడేశాడు.

"ఇలాంటి పరుపు మీదే మా మనవరాలు పడుకుందండి."

"అయితే? మెత్తగా లేదన్నదా?"

తాత ఆ దూది గుప్పెడు తీసి ఆయన ముందు పెట్టాడు. "మీ మంచానికి కుట్టిపెడతా. కూలి వద్దు."

యజమాని రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"అదేనండి" అని తాత సూది అక్కడే గుచ్చి దిగిపోయాడు.

బుజ్జిదాన్ని ఇప్పుడు ఉతికిన దుప్పట్ల మీద పడుకోబెడుతున్నారు. కూతలు తగ్గాయి, పోలేదు. తాత స్నానం చేసి, కనుబొమలు దులుపుకుని, దాని వీపుకు చెవి ఆనించి వింటాడు. తర్వాత చంటిపిల్లలున్న గడప గడపకూ వెళ్లి, సిగ్గుతో తల వంచుకుని అడుగుతాడు.

"ఒక్కసారి దుప్పటి ఎత్తి చూపించమ్మా. పువ్వుల గలీబైతే, అది నేను కుట్టిందే."