దారం చివర కుందేలు

బాణానికి దారం కట్టి కుందేలును కొడతారంటే నేను మొదట నమ్మలేదు. మా కడప వైపు కుందేలు వేటంటే కుక్కలు, వలలు, పదిమంది అరుపులు. ఖతర్‌లో నేను డ్రైవరుగా పనిచేసిన ఇంటి చిన్న కొడుకు అమెరికాలో చదువు ముగించుకొని వస్తూ వస్తూ ఒక విల్లు తెచ్చుకున్నాడు. రెండు కొసలకూ చక్రాలు, వాటి మధ్య తీగలు. నా కంటికి అది విల్లులా లేదు, విప్పి పడేసిన సైకిలు సామానులా ఉంది. దాని ముందు భాగంలో ఒక చిన్న డబ్బా, డబ్బాలో పూలు కట్టే దారం కంటే సన్నటి తెల్ల దారం. దాని కొసను బాణం ములికి వెనక ముడివేసి వదిలితే బాణంతో పాటు దారమూ సర్రుమని పోతుంది. దెబ్బ తిన్న జంతువు ఎటు పారిపోయినా దారం వెంట నడిచి దాన్ని పట్టుకోవచ్చు. ఇసుకలో కాలిజాడలు చూసుకుంటే చాలదా, ఇదంతా ఎందుకని అడిగాను. ఇక్కడి నేల సగం రాళ్ళేనని, రాళ్ళ మీద జాడ పడదని అన్నాడు. అది నిజమే.

తొంభైలలో సంగతి ఇది. ఇల్లు ముఐథర్ అనే పేటలో. నా డ్యూటీ అంతా అతని తండ్రితోనే. అందరిలాగే నేనూ ఆయన్ను బాబా అనేవాణ్ణి. మసీదుకు, సూక్ అనే పాత బజారుకు, ఆ చివరి ఏడాది ఎక్కువగా ఆసుపత్రికి తీసుకెళ్ళేవాణ్ణి. వయసులో ఉన్నప్పుడు ఆయన సరుకు పడవల్లో బొంబాయి వచ్చి నెలల తరబడి ఉండేవాడట. నేను వీసా కోసం బొంబాయిలో పడిగాపులు పడ్డవాణ్ణి. మా ఇద్దరి హిందీకీ ఆ ఊరే బడి. కారెక్కితే చాలు, ఆయన అరబ్బీ పక్కనపెట్టి బొంబాయి హిందీ మొదలుపెట్టేవాడు. ఆ ఇంట్లో కొడుకులకు గానీ కోడళ్ళకు గానీ ఆ భాష రాదు. అందువల్ల ఆయన నాతో చెప్పే మాటలకు ఒక రకమైన చనువు ఉండేది. కన్నబిడ్డలకు చెప్పనివి కూడా నాకు చెప్పేవాడు.

ఆయనకు కడుపులో జబ్బు. ఏది పెట్టినా ముద్ద దిగేది కాదు. వంటింట్లో గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. ఆమె పొద్దున్నుంచి పొయ్యి దగ్గరే నిలబడి వండి పంపితే పళ్ళేలు పంపినట్టే తిరిగొచ్చేవి. మజ్జిగ, రెండు ఖర్జూరాలు, అంతే. ఏది ఇష్టమైతే అది పెట్టండని డాక్టర్లు అన్నారు. ఆ మాట ఎప్పుడంటారో మనకు తెలియనిది కాదు. ఒకరోజు ఆసుపత్రి నుంచి వస్తుంటే ఆయన ఉన్నట్టుండి, "కుందేలు మాంసం తిని ఎన్నాళ్ళయిందో. కొనుక్కొచ్చింది కాదు, మన ఇంటివాడు కొట్టుకొచ్చింది. అదైతే తింటానేమో" అన్నాడు. తింటాను అన్న మాట ఆయన నోట విని నెలలైంది. ఇంటికి రాగానే చిన్న కొడుకుకు చెప్పాను.

ఆ పిల్లవాడి ముఖం వెలిగిపోయింది. పిల్లవాడంటే పిల్లవాడు కాదు, నా ఈడువాడే. అమెరికా నుంచి వచ్చాక తండ్రికీ అతనికీ సరిగ్గా పొసగడం లేదు. నడక మారింది, మాట మారింది అని పెద్దాయనకు గుర్రు. అతను తెచ్చి ఇచ్చిన చొక్కా మడత విప్పలేదు, తినిపించబోతే నోరు తెరవలేదు. ఇప్పుడు తన చేత్తో కొట్టిన కుందేలు తండ్రి తింటే చాలునన్నంత ఆశ పెట్టుకున్నాడు. అల్ ఖోర్ అనే ఊరు దాటి చాలా దూరం పోతే వాళ్ళకొక తోట ఉంది. రోజూ అక్కడ గడ్డి కుక్కిన గోనెసంచిని గురిపెట్టి బాణాలు వేసేవాడు. నేను దారం ఏరుకొచ్చి, వృథా పోనివ్వడమెందుకని మా ఇంట్లో గాలిపటం దారం చుట్టినట్టు పుల్లకు నీటుగా చుట్టి ఇచ్చాను. ఒకసారి బయటికొచ్చిన దారం మళ్ళీ పనికిరాదట. నా పనితనం చూసి అతను కడుపు పట్టుకొని నవ్వాడు. నాకు కాస్త ఒళ్ళు మండింది కూడా.

చలికాలం, ఒక సాయంత్రం. తోట వెనక పల్లపు నేలలో ముళ్ళపొదల దగ్గరికి కుందేళ్ళు మేతకు వస్తాయి. కారు చాటున కూర్చున్నాం. ఒకటి వచ్చి చెవులు నిక్కించి నిలబడింది. అతను బిస్మిల్లా అని బాణం వదిలాడు. కుందేలు ఎగిరిపడి, బాణంతోనే పొదల్లోకి పోయింది. డబ్బాలోంచి దారం పోతూనే ఉంది. నేను లేచి పరిగెత్తబోతే చెయ్యి పట్టుకొని ఆపాడు. వెంటబడితే ఇంకా దూరం పోతుంది, వదిలేస్తే ఎక్కడో ఒకచోట పడుకుంటుంది, కాసేపు ఆగాకే దారం పట్టుకోవాలి అన్నాడు. అమెరికాలో అలాగే నేర్పారట. ఆగాం. ఈలోపు పొద్దు గూకింది. మగ్రిబ్ నమాజు వేళైంది. అతను చాప పరుచుకుంటూ నాతో అన్నాడు: "చీకటి పడితే దారం కనబడదు. నువ్వు మెల్లగా దాని వెంట నడువు. దొరికితే నువ్వు కొయ్యకు. నన్ను పిలువు."

కత్తి అతని దగ్గరే ఉంది. నేను వాళ్ళ మతంవాణ్ణి కాను, నా చేతి కోత వాళ్ళకు చెల్లదు. ఆ సంగతి ఆ ఇంట్లో చేరిన మొదటి వారంలోనే ఒక కోడి విషయంలో తెలిసొచ్చింది.

దారం పొదల కింద దూరింది, రాళ్ళ చుట్టూ తిరిగింది, ఒకచోట ముళ్ళకు చిక్కుకొని అక్కడి నుంచి పక్కకు తిరిగింది. దాన్ని వేళ్ళ మధ్య జార్చుకుంటూ వంగి నడిచాను. చివరికి ఒక బండ పంచన కుందేలు పడుంది. తొడలో బాణం. ప్రాణం ఉంది. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయింది. చేత్తో అదిమి పట్టుకొని వెనక్కి తిరిగి, "యల్లా చిన్న బాబా, తొందరగా రా, ఇక్కడుంది" అని కేకేశాను. దూరంగా అతను నుదురు నేలకానించి సజ్దాలో ఉన్నాడు. నమాజులో ఉన్నవాడు ఎట్లా లేచొస్తాడు? మా ఊళ్ళో అయితే ఎవరి చేతికి దొరికితే వాళ్ళే ఆ క్షణంలోనే మెడ విరిచేస్తారు. నోరులేని జీవాన్ని ఊరికే బాధపెట్టకూడదని మా తాత నేర్పిన పద్ధతి అది. నా చేతులు ఆ పనికి సిద్ధంగానే ఉన్నాయి. అలా చేస్తే మాంసం ఎవరికీ పనికిరాదు, పెద్దాయన ముద్ద పోతుంది. అందుకని పట్టుకొని కూర్చున్నాను. దాని గుండె నా అరచేతి కింద టపటపా కొట్టుకుంటూ ఉంది. అతను నమాజు చివరి సలాం చెప్పి లేచేలోపు అది ఆగిపోయింది. అంత పాడు పని నేను చేతులారా ఎప్పుడూ చెయ్యలేదు, చేసింది ఉత్తగా కూర్చోవడమే అయినా.

అతను కత్తి పట్టుకొని పరిగెత్తుకొచ్చాడు. "పోయిందా?"

"పోయింది."

"పర్వాలేదు. బిస్మిల్లా అని వేశాను, బాణంతో పోయింది. హలాలే" అని నా భుజం చరిచాడు. అంతకుమించి అతను అడగలేదు, నేను చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం అక్క దాన్ని ఎండు నిమ్మకాయలు వేసి అన్నంతో వండింది. వాసన గేటు దాకా వచ్చింది. మగవాళ్ళు కూర్చునే మజ్లిస్‌లో పెద్దాయన దిండుకు ఆనుకొని కూర్చుంటే కొడుకే పళ్ళెం తెచ్చి ముందు పెట్టాడు. నన్ను గుమ్మం దగ్గర కూర్చోమన్నారు. పెద్దాయన కళ్ళు మూసుకొని వాసన పీల్చి నవ్వాడు. ముక్క తుంచి చేతిలో పట్టుకొని, ఎట్లా కొట్టావని కొడుకును అడిగాడు. కొడుకు విల్లు సంగతి, దారం సంగతి ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. దారం వెంట ఎవరు పోయారని అడిగితే నన్ను చూపించాడు.

పెద్దాయన నా వైపు తిరిగి హిందీలో అడిగాడు: "నువ్వు పోయేసరికి ప్రాణం ఉందా?"

కొడుకుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. పక్కన నిలబడి నవ్వుతున్నాడు.

"ఉండింది బాబా."

"ఎంతసేపు?"

"చిన్న బాబా నమాజ్ అయ్యేదాకా."

ఆయన ముక్కను మెల్లగా పళ్ళెంలో పెట్టేశాడు. "నువ్వు పోయేటప్పటికే చచ్చి ఉంటే తినేవాణ్ణి. వాడు కత్తితో అందుకొని ఉన్నా తినేవాణ్ణి. ఇది చేతికి చిక్కి, కత్తి కోసం ఎదురుచూస్తూ పోయింది. తినొచ్చనేవాళ్ళు ఉంటారు. నేను రేపో మాపో పైవాడి ముందు నిలబడాల్సినవాణ్ణి, అనుమానం ఉన్నది కడుపులో వేసుకొని పోలేను" అన్నాడు. తర్వాత కొడుకు వైపు తిరిగి అరబ్బీలో, "వేట బాగుంది. కడుపే ఒప్పుకోవడం లేదు" అన్నాడు.

కొడుకు పళ్ళెం తీసుకొని బయటికొచ్చేశాడు. తన చేతిది కాబట్టే నాన్న తినలేదని అతను అనుకున్నాడు. అది కాదని చెప్పాలంటే అసలు కారణం చెప్పాలి. నీ నమాజువల్ల అని ఏ నోటితో చెప్పేది? ఆ విల్లు మళ్ళీ బయటికి రాలేదు.

వంటింట్లో జరిగింది చెబితే అక్క నన్ను కడిగేసింది. "ఒక్క 'లేదు' అనేస్తే ఆయన నాలుగు ముద్దలు తినేవోరు కదా తమ్ముడూ. నిన్ను కోర్టులో నిలబెట్టి అడిగారా ఏంటి?"

"ఆయన తినకూడదు అనుకునేదాన్ని అబద్ధం చెప్పి తినిపీమంటావాక్కా?"

"ఏవో మరి. ఆకలి నాకు తెలుస్తాది, అవన్నీ నాకు తెలీవు" అని నా పళ్ళెంలో ఆ మాంసమే వడ్డించింది. పెద్దాయన తినలేదని ఆ ఇంట్లో ఇంకెవరూ దాన్ని ముట్టలేదు. నేను తిన్నాను. పారేస్తే ఆ జీవం ఉత్తపుణ్యానికి పోయినట్టవుతుందని తిన్నాను. తినడం మొదలుపెట్టాక ఇష్టంగానే తిన్నాను.

కొన్నాళ్ళకు ఆయన్ను మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. అప్పటికి బాగా చిక్కిపోయాడు. వెనక సీట్లో పడుకోమంటే వినకుండా నా పక్కనే కూర్చున్నాడు. సగం దారి దాటాం. తర్వాత అడిగాడు: "ఆ రోజు మాంసం నువ్వు తిన్నావా?"

"తిన్నాను బాబా."

"ఎట్లా ఉంది?"

పాపం, తినలేకపోయానని బాధపడుతున్నాడనుకున్నాను. ఆ బాధ తీసేద్దామనుకున్నాను. "ఏం బాగాలేదు బాబా. గట్టిగా పీచులా ఉంది. మీరు తినకపోవడమే మంచిదైంది" అన్నాను.

"అచ్ఛా" అని ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆ ముఖంలోని వెలితి చూశాక గానీ నాకు తట్టలేదు. ఆయన ఓదార్పు అడగలేదు. తాను తినలేనిది నా నోటితోనైనా తిందామని అడిగాడు. నిజం అక్కర్లేని చోట నిజం చెప్పి పళ్ళెం తీయించాను, నిజమే కావలసిన చోట అబద్ధమాడి ఆ కాస్త రుచీ లేకుండా చేశాను. సర్దుకొని చెబుదామనుకునేలోపు ఆసుపత్రి గేటు వచ్చింది. అక్కడివాళ్ళు ఆయన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి తీసుకుపోయారు. మళ్ళీ ఆయన నా కారెక్కలేదు.

వెన్నలా ఉడికింది బాబా. ఎముక దగ్గరి మాంసం తియ్యగా ఉంది, నిమ్మ పులుపు అన్నం దాకా దిగింది, ఇంకో ముద్ద ఉంటే బాగుండుననిపించింది.