పదకొండో పేజీ

ఎనభైల చివర్లో నూజివీడు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేశాను. అక్కడ కంప్యూటర్ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ గొప్ప నాకు బాగానే ఉండేది.

బంగినపల్లి గుజ్జులో పులుపెక్కువుండే కలెక్టర్ మామిడి గుజ్జు ఎంత కలిపితే తీపి సమంగా వస్తుందో చెప్పే ప్రోగ్రాం ఒకటుండేది. రాసినాయన ఉద్యోగం మానేసి వెళ్తూ మనిషి చదవగలిగే సోర్స్ కోడ్ ఇవ్వలేదు. మాకు మిగిలినవి మెషీన్‌కి మాత్రమే అర్థమయ్యే అంకెలు. ఇంతలో పాత కంప్యూటర్ మొరాయించడం మొదలెడితే కొత్తది కొన్నారు. దాని ప్రాసెసర్ వేరు. ఆ అంకెలు దానికి ఎక్కవు.

"కుదరదండీ, మొదట్నుంచి రాసుకోవాల్సిందే," అన్నాను మేనేజరుగారితో.

ల్యాబ్‌లో గుజ్జు పరీక్షలు చేసే అమ్మాయి అక్కడే ఉంది. బాపులపాడు నుంచి బస్సులో వచ్చేది. వాళ్ల అమ్మానాన్నా తోటల్లో కూలికెళ్లేవాళ్లు. "ఆ అంకెలు ప్రింట్ తీసిస్తే నేను చూస్తానండీ," అంది. నా బీరువాలోని ప్రాసెసర్ పుస్తకాలు అప్పటికే రెండుసార్లు చదివేసిందట.

ఒక్కో అంకె ఏ ఆదేశమో రాసుకుని, దానికి సరిపోయే కొత్త మెషీన్ ఆదేశం పక్కనే రాస్తూ పోయింది. మేనేజరుగారు రోజూ ఆమె టేబుల్ దగ్గర నిలబడేవారు. నా దగ్గర ఏనాడూ నిలబడలేదు. నాకు అన్నం సహించేది కాదు.

నెలన్నరకి పని పూర్తిచేసి, "ఒకసారి చూసిపెడతారా సార్?" అంటూ కాగితాలు నాకే ఇచ్చింది. ఆమె ఎదుటే తిరగేస్తూ పదకొండో పేజీ దగ్గర ఆగిపోయాను, తప్పు కనిపించింది. అక్కడో సంఖ్యకి ఒకటి కలిపే ఆదేశం ఉంది. పాత ప్రాసెసర్‌లో అది అంతకుముందు పోల్చి చూసిన ఫలితాన్ని ముట్టుకోదు. కొత్తదాంట్లో చెరిపేస్తుంది.

"బానే ఉందమ్మా," అని తిరిగిచ్చేశాను.

ట్రయల్ రోజు స్క్రీన్ మీద మొత్తం కలెక్టర్ గుజ్జే పోయమని వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నా కడుపు చల్లబడింది, దాచుకోవడం ఎందుకు.

మూడోరోజు ఆమె నా దగ్గరికొచ్చింది. "తప్పు దొరికింది సార్. పదకొండో పేజీ. అక్కడ మీరు చాలాసేపు ఆగారు. అప్పుడే నేను అడగాల్సింది."

ఆ కాగితాలే మళ్లీ నా ముందు పెట్టింది.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయేమో. ఈసారి చెబుతారా?"

ఆ రోజంతా పక్కన కూర్చున్నాను. ఇంకో రెండు దొరికాయి. చెప్పాను. ఆ సీజన్‌కి ప్రోగ్రాం చక్కగా నడిచింది. మేనేజరుగారు అందరి ముందూ ఆమెను మెచ్చుకుంటుంటే, "సార్ కూడా చూశారండీ," అంది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. అసూయ మాత్రం తగ్గలేదు. ఆ ఒక్క మాట ఆమె అనకపోయి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.